పదకొండు వందల నలభై ఏడు గారి చార్జి అప్పగింత

మా ఆఫీసులో పదకొండు వందల నలభై ఏడు అనే ఉద్యోగి ముప్పై రెండు నిమిషాలు పనిచేసి, విధి నిర్వహణలో మరణించాడు. అతను మనిషి కాదు, కంప్యూటరులో నడిచే ఒక ప్రోగ్రాం. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఆఫీసులో కూడా మొదటే చెప్పాను గానీ అక్కడ దానివల్ల పెద్ద తేడా ఏమీ రాలేదు.

ఆఫీసు పేరు ఉపనదుల నీటిమట్ట సమాచార ఉపకేంద్రం. ఈ పేరు పూర్తిగా చదివేలోపు వాగు ఒక అంగుళం పెరుగుతుందని ఊళ్లో హాస్యమాడతారు. నా పేరు భ్రమరాంబ. హోదా తాత్కాలిక సాంకేతిక సహాయకురాలు. ఆరేళ్లుగా తాత్కాలికంగానే ఉన్నాను. శాశ్వతంగా ఉన్నవాళ్లు రోజుకి రెండు గంటలు కూడా సీట్లో కనపడరు గనక నాకు ఆ విషయంలో పెద్ద బెంగ లేదు.

మా పని చిన్నది. కొండల్లో వాన పడితే ఎర్రవాగు పొంగి, ఏడు గంటల్లో మా ఊరి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కలిసేచోట ఈతలంక ఉంది. పెద్ద గోదావరి సంగతి రేడియోలో చెబుతారు. ఎర్రవాగు సంగతి చెప్పేవాళ్లు ఎవరూ లేరని మా ఆఫీసు పెట్టారు. ఎగువన వాగులో నీటిమట్టం కొలిచే యంత్రం ఒకటి ఉంది. దానికొక మోడెం, ఫోను లైను ఉన్నాయి. అక్కడ మనిషి ఎవరూ ఉండరు. ఇక్కడ నా బల్ల మీద లినక్సు నడిచే కంప్యూటరు, దాని వెనక రెండో సీరియల్ పోర్టుకి తగిలించిన ఇంకో మోడెం ఉన్నాయి. ఇంటర్నెట్టు ఇంకా మా ఊరి పొలిమేరల్లో తచ్చాడుతున్న రోజులవి. గంటకోసారి నా మోడెం అక్కడి మోడెంకి ఫోను చేస్తుంది, రెండూ కాసేపు కీచుమని పోట్లాడుకుంటాయి, చివరకి అడుగులూ అంగుళాలూ తెర మీద పడతాయి. ఆ అంకె నేను రిజిస్టరులో ఎక్కించి గుమ్మం దగ్గర బోర్డు మీద రాస్తాను.

ఆ బోర్డు చదివే మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే, యాళ్ల ధర్మన్న. ఈతలంకలో పద్దెనిమిది పాడిగేదెలు మేపుకుంటాడు. అక్కడే పాక, అక్కడే భార్య. రోజూ ఉదయం పాలక్యాన్లతో పడవ దిగి, హోటళ్లకి పోసి, తిరిగి వెళుతూ మా ఆఫీసు దగ్గర ఆగుతాడు. అతనికి చదువు రాదు. అందుకని బోర్డు ముందు నిలబడి నన్ను కేకేసి అడుగుతాడు. నేను అంకె చెబుతాను. ఇరవై అడుగులు దాటిందంటే గేదెల్ని ఒడ్డుకి తోలుకొచ్చేస్తాడు. వాటిని ఈదించి దాటించడానికి అయిదు గంటలు పడుతుంది. ఏడు గంటల ముందు చెప్పగలిగితే అతనికి బతుకు ఉంది, చెప్పలేకపోతే లేదు. మా ఉపకేంద్రం మొత్తం ఆ రెండు గంటల తేడా కోసమే ఉందని నా అభిప్రాయం. మా పై అధికారుల అభిప్రాయం వేరుగా ఉండేది.

జూన్ పద్నాలుగున మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చాక కంప్యూటరు దానంతటది లేచింది గానీ మోడెం ఫోను చేయడం మానేసింది. నేను చేయవలసినవన్నీ చేశాను. తీగ ఊడిందేమో చూశాను, ఊడలేదు. మోడెం దీపాలు వెలుగుతున్నాయి. పోర్టు వేగం సరిగానే ఉంది. మోడెంతో నేరుగా మాట్లాడదామని ఏటీ అని కొట్టబోయాను. కొడితే ఓకే అనాలి, అది దాని మర్యాద. అసలు పోర్టు దాకా వెళ్లనిస్తేగా. పోర్టు వాడుకలో ఉంది, పట్టుకున్నవాడు 1147 అని తెర మీద పడింది.

సంగతి అర్థమైంది. ఈ సిస్టంలో ఏ ప్రోగ్రాం మొదలైనా దానికొక నంబరు ఇస్తారు. పోర్టు వాడుకోబోయే ప్రోగ్రాం ముందుగా తన నంబరు రాసి ఒక చీటీ పెడుతుంది, ఇంకొకరు మధ్యలో దూరకుండా. పని అయ్యాక చీటీ తనే చించేస్తుంది. దీన్నే లాక్ ఫైల్ అంటారు. ఆ మధ్యాహ్నం ఎగువకి ఫోను చేస్తున్న ప్రోగ్రాం నంబరు 1147. పని మధ్యలో కరెంటు పోయి చచ్చిపోయింది. చీటీ మిగిలిపోయింది. చీటీ మీద నంబరు బతికుందో లేదో చూసుకునే తెలివి మాకు ఆ ప్రోగ్రాం రాసిచ్చినవాళ్లు దానికి పెట్టలేదు.

మందు ఒక్క లైను. చీటీ చించేస్తే సరి. కాకపోతే చించే అధికారం రూట్ అనే పేరుతో లోపలికి వెళ్లినవాళ్లకే ఉంటుంది. రూట్ పాస్‌వర్డు లక్క సీలు వేసిన కవరులో ఉంది. కవరు సూపరింటెండెంటు సోమయాజులు గారి బీరువాలో ఉంది. నేను తిన్నగా వెళ్లి, చచ్చిపోయిన ప్రోగ్రాం తాలూకు చీటీ తీసేయాలి, కవరు ఇప్పించండి అని కాయితం రాసి ఇచ్చాను. కాయితం రాయడం నా తప్పు. ఏదో ఒక అబద్ధం చెప్పి అడిగి ఉంటే సాయంత్రానికి పని అయిపోయేది.

యాజులు గారు కాయితం రెండుసార్లు చదివారు. మంచి మనిషి, కానీ కాయితం చూస్తే ఆయన మొహం మారిపోతుంది. పూర్వం ఒక స్టోర్‌కీపరు పోయినప్పుడు పంచనామా లేకుండా అతని బీరువా తాళం పగలగొట్టించినందుకు ఆయన్ని పదకొండు నెలలు సస్పెండు చేశారు. బీరువాలో దొరికింది ఒక గొడుగు. అయినా పదకొండు నెలలు.

"చార్జి అప్పగించకుండానే పోయాడా?" అన్నారు.

అతను కాదండీ, అది ప్రోగ్రాం, ప్రాణం లేదు, జీతం లేదు అని చెప్పుకొచ్చాను. ఆయన అంతా విని, సొరుగులోంచి సర్క్యులరు నంబరు ముప్పై ఎనిమిది తీసి నా ముందు పెట్టారు. హెడ్డాఫీసులో సంచాలకులు విశ్వపతి గారు రెండు వారాల శిక్షణకి వెళ్లొచ్చిన ఉత్సాహంలో పంపిన సర్క్యులరు అది. కంప్యూటరు యంత్రము కాదు, సహోద్యోగి. దానియందు పనిచేయు ప్రతి ప్రోగ్రామును కార్యాలయ సిబ్బందిలో ఒకరిగా భావించి తదనుగుణముగా వ్యవహరించవలెను. ఇది వచ్చిన కొత్తలో మేం కంప్యూటరుకి బొట్టుపెట్టి, హాజరుపట్టీలో పేరు ఎక్కించి, ఇక దీంతో పీడ వదిలిందనుకున్నాం.

"నాకు తెలుసమ్మా అది ప్రోగ్రామని. నేనేం పిచ్చివాణ్ణి కాను," అన్నారు యాజులు గారు. "కానీ ప్రభుత్వ ఆస్తి ఒకటి అతని స్వాధీనంలో ఉంది. చీటీ కూడా ఉంది. చీటీ చించేశాక రేపెవరైనా ఏమయ్యా, ఎవరి సమక్షంలో చించావు అని అడిగితే నేనేం చెప్పను?"

నా కాయితం ఆయన ఫైల్లో పెట్టుకున్నారు.

మర్నాడు నోటీసు తయారైంది. శ్రీ 1147 గారికి తెలియజేయునది ఏమనగా, తమ స్వాధీనమందున్న రెండవ సీరియల్ పోర్టును, దానికి అమర్చిన మోడెమును ఈ నోటీసు అందిన ఏడు దినముల లోపు అప్పగించి రసీదు పొందవలెను, లేనియెడల తమరు చెప్పుకొనదగినది ఏమియు లేదని భావించబడును. అందుకునేవాడు లేడు గనక ఇద్దరు సాక్షుల సమక్షంలో కంప్యూటరు పెట్టెకి అంటించారు. గాలి ఆడే చిల్లుల మీద అంటించారు. కంప్యూటరు వేడెక్కి రెండుసార్లు ఆగిపోయింది. నోటీసు అందిన ఆగ్రహంతో సదరు ఉద్యోగి విధులకు ఆటంకం కలిగిస్తున్నట్లు ఫైల్లో రాశారు.

ధర్మన్న మొదటి రోజు అడిగాడు. మిషను పాడైందని చెప్పాను. రెండో రోజు అడిగాడు. నాలుగో రోజు నుంచి నేను అతను వచ్చే వేళకి లోపలికి వెళ్లి ఏదో వెతుక్కుంటున్నట్టు నటించడం మొదలుపెట్టాను. అతను బోర్డు ముందు కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. కిటికీలోంచి అతని వీపు చూస్తే నాకు సిగ్గేసేది. ఇంకా వానాకాలం ముదరలేదు గదా, ఈలోపు తేలిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఏడు రోజులూ గడిచాయి. 1147 హాజరు కాలేదు. హాజరు కానివాడు అనధికార గైర్హాజరు కింద వస్తాడు. గైర్హాజరు వేయాలంటే సర్వీసు పుస్తకం ఉండాలి. సర్వీసు పుస్తకం తెరిచారు. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ ఒకటే, జూన్ పద్నాలుగు, మధ్యాహ్నం రెండూ పది. మరణించిన వేళ రెండూ నలభై రెండు. తండ్రి పేరు దగ్గర ఆగిపోయారు. ఈ సిస్టంలో ప్రతి ప్రోగ్రాంకీ ఒక మాతృ ప్రోగ్రాం ఉంటుందని, దీనిది ఒకటో నంబరని నేను చెప్పాను. నోరుంది గదా అని చెప్పేశాను. తండ్రి పేరు శ్రీ 1 అని రాసుకున్నారు. గుర్తించదగిన పుట్టుమచ్చలు లేవు అని నా చేత సంతకం పెట్టించారు.

ఇక మరణ ధ్రువపత్రం. మునిసిపాలిటీ వాళ్లు కాయితం చూసి నవ్వుతారని ఆశపడ్డాను. వాళ్లు నవ్వలేదు. మరణకారణం ఏమిటన్నారు. కరెంటు పోవడం అన్నాం. అయితే కరెంటు పోయినట్టు విద్యుత్తు వాళ్ల దగ్గర్నుంచి కాయితం తెమ్మన్నారు. మూడు వారాలకి విద్యుత్తు వాళ్ల జవాబు వచ్చింది. సదరు తేదీన విద్యుత్తు పోలేదు, సరఫరాలో విరామం మాత్రమే ఏర్పడినది. విరామం వల్ల ఎవరూ చనిపోరనేది మునిసిపాలిటీ వారి వాదన. ఈ తగాదా మీద జూలై మొత్తం నడిచింది.

ఈ ఉత్తరాల నకళ్లన్నీ చేరి చేరి హెడ్డాఫీసులో విశ్వపతి గారి బల్ల మీద పడ్డాయి. ఆయనకి తన సర్క్యులరుని ఇంత భక్తిగా పాటించిన ఆఫీసు రాష్ట్రంలో ఇంకొకటి దొరకలేదు. పొంగిపోయి స్వయంగా బయల్దేరి వచ్చారు. ఆయన సమక్షంలో సంతాపసభ జరిగింది. మోడెం మీద చామంతి దండ వేశారు. విశ్వపతి గారు మాట్లాడుతూ, యంత్రానికీ మనిషికీ మధ్య గోడ కూలిన చారిత్రక దినముగా దీనిని అభివర్ణించారు. 1147తో తనకు వ్యక్తిగత పరిచయం లేకపోయినా అతని నిబద్ధత తనని కదిలించిందన్నారు. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించాం. అందరూ తలలు వంచుకుని నిలబడ్డాం, నేను కూడా. ఆ రెండు నిమిషాల్లో చీటీ అరవైసార్లు చించి ఉండొచ్చని మనసులో లెక్క కట్టుకుంటూ నిలబడ్డాను. కిటికీ బయట ధర్మన్న ఖాళీ క్యాన్లు కింద పెట్టి, ఎవరు పోయారోనని తనూ తలగుడ్డ తీశాడు.

సభ అయ్యాక విశ్వపతి గారు కారుణ్య నియామకం గురించి వాకబు చేశారు. మృతుని కుటుంబానికి అన్యాయం జరగకూడదన్నారు. కుటుంబం ఉన్నదీ లేనిదీ కంప్యూటరులోనే చూసి చెప్పమని నన్ను పురమాయించారు. ప్రస్తుతం నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెర మీదకి తెచ్చాను. అందరూ నా వెనక గుమిగూడారు. యాజులు గారు కళ్లద్దాలు సవరించుకుని ఒక లైను మీద వేలు పెట్టారు. అక్కడ 1147 ఉంది.

జరిగింది ఏమిటంటే, కంప్యూటరు ఆగి లేచినప్పుడల్లా నంబర్లు మళ్లీ మొదటినుంచి పంచుతారు. ఈసారి 1147 ప్రింటరు ప్రోగ్రాంకి పడింది. ఇది నేను వివరించేలోపు విశ్వపతి గారి మొహం కందగడ్డలా అయింది. బతికున్న ఉద్యోగికి తన చేత సంతాపం చెప్పించామన్నారు. దండ తీయించారు. చనిపోయినట్టు నటించి నలభై రోజులకి పైగా చార్జి అప్పగించకుండా తప్పించుకు తిరిగినందుకు 1147 మీద క్రమశిక్షణ చర్య, సజీవుడైన సహోద్యోగిని మృతుడిగా నివేదించినందుకు నాకు సంజాయిషీ నోటీసు.

సస్పెన్షను ఉత్తర్వు ఆ సాయంత్రమే టైపు చేశాం. ప్రింటు తీయబోతే యాజులు గారు అడ్డుపడ్డారు. సస్పెండయిన ఉద్యోగి చేత విధులు చేయించడం నేరం, ప్రింటరు నడిపేది అతనే గనక ఉత్తర్వు ప్రింటు తీయకూడదు. ఉత్తర్వు అందనిదే సస్పెన్షను అమల్లోకి రాదని ఇంకొకరు అన్నారు. అప్పుడు ప్రింటు తీయొచ్చా తీయకూడదా అని అరగంట చర్చ జరిగింది. చివరకి విశ్వపతి గారే స్వదస్తూరీతో రాసి, పెట్టెకి అంటించి, రైలెక్కారు.

ఆగస్టు తొమ్మిదో తారీకున ఉదయం కొండల వైపు ఆకాశం చూస్తే నల్లగా కారుమబ్బు పట్టి ఉంది. మా ఊళ్లో చినుకు లేదు. ధర్మన్న పాలు పోసి వచ్చాడు. ఆవేళ నేను లోపలికి పారిపోలేదు.

"అమ్మగోరూ, పైన నీరెంతుందండి?"

నేను తిన్నగా యాజులు గారి గదిలోకి వెళ్లాను. కవరు ఇవ్వండి, ఒక్క లైను, తర్వాత నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరే అన్నాను. బీరువా తాళంచెవి ఆయన జంధ్యానికే ఉంటుంది. ఆయన చెయ్యి దాని దాకా వెళ్లింది. వెళ్లి, ఆగింది.

"నువ్వు తాత్కాలికం, తీసేస్తే ఇంకోచోట చేరతావు. సీలు పగలగొట్టేది నేనమ్మా. అందులోనూ విచారణ నడుస్తున్న ఉద్యోగి చీటీ అది," అన్నారు. చెప్పేటప్పుడు ఆయన నా మొహం వైపు చూడలేదు. పదకొండు నెలలు ఒక మనిషిలోకి ఎంత లోతుగా దిగుతాయో నాకు అప్పుడు తెలిసింది. అయినా కోపం ఆగలేదు. తలుపు గట్టిగానే వేసి వచ్చాను.

ధర్మన్న ఇంకా బోర్డు దగ్గరే ఉన్నాడు. మిషను పాడైంది, రేపు బాగవుతుంది, ఫైలు నడుస్తోంది లాంటి మాటలేవీ నా నోట రాలేదు. "నాకు తెలీదు ధర్మన్నా," అన్నాను. "ఎంతుందో ఇక్కడ ఎవరికీ తెలీదు."

అతను ఒకసారి కొండల వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు. క్యాన్లు మా గుమ్మంలోనే వదిలేసి రేవుకేసి పరిగెత్తాడు.

మధ్యాహ్నం రెండున్నరకి మొదటి గేదె మా ఆఫీసు గేటులోంచి వచ్చింది. ఆ ఒడ్డున ఎత్తైన ఆవరణ మాదొక్కటే. మూడున్నరకి పద్దెనిమిదీ వచ్చాయి. వాటి వెనక మూట నెత్తిన పెట్టుకుని ధర్మన్న భార్య వచ్చింది. నాలుగింటికి ఎర్రవాగు వచ్చింది. ఈతలంక మీద మనిషి నిలువెత్తు నీరు పారింది. పాక కొట్టుకుపోయింది, గడ్డివాము కొట్టుకుపోయింది. ధర్మన్న మా వరండాలో కూర్చుని గేదెల్ని వేలు చూపించి లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాడు, పద్దెనిమిది వచ్చాక మళ్లీ మొదలుపెట్టేవాడు. నేను రికార్డు గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. వచ్చి చూస్తే ఒక గేదె 1147 సస్పెన్షను ఉత్తర్వు సగం నమిలేసి ఉంది.

లంకలో ఎవరికీ ఏమీ కాలేదన్న వార్త పేపరులో చిన్నగా పడింది. విశ్వపతి గారు రెండో రైలుకే దిగారు. హెచ్చరిక వ్యవస్థ లేనిదే ప్రాణనష్టం సున్నా ఎలా అయిందని విచారణ పెట్టారు. హెచ్చరిక జారీ కాకముందే పశువుల్ని తరలించినవాడు అనుమానాస్పదుడు గనక ధర్మన్నని పిలిపించి, ఏ సమాచారం మీద ఆధారపడి ఈ చర్య తీసుకున్నావని ప్రశ్నించారు.

ధర్మన్న తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఆయ్, ఈ అమ్మగోరు తెలీదన్నారండి. ఎంతుందో తెలిసిన నీరైతే ఒడ్డున కూకుని సూత్తానండి. ఎంతుందో తెలీని నీటికాడ గొడ్లని కట్టేసి ఎలా తొంగుంటానండి?"

విశ్వపతి గారు ఆ మాట రాసుకున్నారు. కింద గీత గీసుకున్నారు. ఆయన కళ్లలో మెరుపు చూసి ఇంకో సర్క్యులరు తప్పదనుకున్నాను. మోడెం, పోర్టు, లైను, ఇవేవీ లేకుండా ఒక్క మాటతో పద్దెనిమిది పశువుల్నీ ఇద్దరు మనుషుల్నీ కాపాడిన విధానం ఇదే మొదటిదని ఆయన ప్రకటించారు. పదిహేను రోజుల్లో సర్క్యులరు నంబరు నలభై రెండు దిగింది. ఎర్రవాగు నమూనాను అనుసరించి, ఇకపై అన్ని ఉపకేంద్రములయందు నీటిమట్టము తెలియదు అను హెచ్చరికను దినమునకు మూడు పర్యాయములు, నిర్ణీత నమూనా పత్రమునందు, తప్పక జారీ చేయవలెను. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో వేళ, మూడో గడిలో తెలియదు. నా సంజాయిషీ నోటీసు ఉపసంహరించారు. 1147 మీద విచారణ అలాగే ఉంది.

నీరు తీశాక ధర్మన్న లంకలో మళ్లీ పాక వేసుకున్నాడు. ఆగస్టు ఇరవై ఏడున ఎప్పటిలా క్యాన్లతో వచ్చాడు. నేను ఉత్తర్వు ప్రకారం నమూనా పత్రం అతని చేతికిచ్చి, తెలియదు అని చదివి వినిపించాను. ముందు రోజు మూడుసార్లు ఇదే మాట, అంతకుముందు రోజు మూడుసార్లు. అతను ఆ కాయితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రోజూ తెలీదంటే రోజూ దిగలేనండి అమ్మగోరూ," అన్నాడు మెల్లగా. "ఆ ఒక్కపాలి దిగినందుకే మా ఇంటిది నాలుగు రోజులు మంచాన పడింది. రెండు గొడ్లకి పాలు ఎండిపోయినాయి. ఏ రోజు తెలీదంటే నమ్మాలో, ఏ రోజు తెలీదంటే ఊరుకోవాలో, అది సెప్పండి సాలు."

నేను తలెత్తి చూశాను. యాజులు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో నాకు తెలీదు. ఆయన లోపలికి వెళ్లారు. బీరువా తలుపు కిర్రుమంది. కాసేపటికి ఖాళీ చేతుల్తో బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, "నేను టీకి వెళుతున్నానమ్మా. బీరువా తాళం పడటం లేదు, తెరిచే ఉంచాను. కాస్త చూస్తూ ఉండు," అన్నారు. ఆరేళ్లలో ఆయన బయట టీ తాగగా నేను చూడలేదు.

కవరు పై అరలోనే ఉంది. లక్క సీలు గోటితోనే ఊడొచ్చింది, నిజానికి అది ఎప్పుడో ఎండిపోయి ఉంది. రూటుగా లోపలికి వెళ్లాను. చీటీ ఉన్న చోటికి వెళ్లి దాని పేరు చూసుకుని, చించమన్నాను. డెబ్బై నాలుగు రోజుల ఫైలు తెర మీద ఒక్క లైను. ఏటీ అని కొట్టాను. ఓకే అంది. డయలు చేయమన్నాను. మోడెం కీచుమని అరిచింది, అవతలిది అరిచింది, రెండూ పాత స్నేహితుల్లా గొడవపడ్డాయి. పద్నాలుగు అడుగుల మూడు అంగుళాలు, తగ్గుముఖం.

ఆ కీచుగొంతు వీధి దాకా వినిపిస్తుంది. యాజులు గారు టీ తాగకుండానే తిరిగొచ్చారు. నా భుజం మీదుగా తెర చూశారు, అంకె పైకే చదివారు. నేను లేవబోయేంతలో ఆయనే గుమ్మంలోకి వెళ్లి ధర్మన్నతో, "పద్నాలుగు అడుగులే. తగ్గుతోంది. హాయిగా పో," అన్నారు. ధర్మన్న ఆ నమూనా పత్రం మడిచి పాలక్యాను మూత కింద బిగించుకుని రేవుకి వెళ్లిపోయాడు.

యాజులు గారు లోపలికొచ్చి సీట్లో కూర్చున్నారు. నా రిజిస్టరు తెప్పించుకుని తిరగేశారు. చివరకి, రిజిస్టరులో మాత్రం తెలియదు అనే రాయమన్నారు. ఉత్తర్వు ఉంది గదా.

అప్పట్నుంచి అలాగే నడుస్తోంది. రోజుకి మూడుసార్లు తెలియదు అని రాస్తాను, మూడుసార్లు నకలు హెడ్డాఫీసుకి పంపుతాను, ధర్మన్నకి అంకె చెబుతాను. మొన్న విశ్వపతి గారు తనిఖీకి వచ్చారు. రిజిస్టరు పేజీ పేజీ తిరగేశారు. ఒక్క కొట్టివేత లేకుండా, ఒక్క పూట తప్పకుండా తెలియదు అని రాసిన ఉపకేంద్రం మాదొక్కటేనని మెచ్చుకుని ప్రశంసాపత్రం ఇచ్చారు. చప్పట్లు కొట్టాం. తర్వాత లంక చూడాలని ఆయన ముచ్చటపడితే రేవులో పడవ సిద్ధం చేయించాం. పడవలో కాలు పెట్టబోతూ ఆగారు. కొండల వైపు చూశారు. వెనక్కి వచ్చి నన్ను కాస్త పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "అమ్మా, ఆ గేదెలాయన ఉన్నాడు చూశావూ," అన్నారు, "నీరు ఎంతుందో అతన్ని కనుక్కుని చెప్పు."